చూడకుండా పడిన ముద్ర

"రెండు పొట్లాలు తారుమారైతే?" అన్నాను, మందుల పెట్టె మూతైనా తీయకముందే.

పెద్ద నర్సు నగసే గారు నవ్వారు. "మొదలుపెట్టావా కజియమా? ఇంకా చెయ్యే పెట్టలేదు."

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా వృద్ధాశ్రమంలో ఇరవైతొమ్మిది మందికి వచ్చే వారం మందులు సర్దుతాం. పూటకో పొట్లం, దాని మీద పేరూ తేదీ అచ్చువేసి మందుల షాపు నుంచి వస్తాయి. ఆవిడ ఎవరి అరలో వాళ్ళవి పెడతారు. నేను ఒక్కొక్కటీ పైకి చదివి, జాబితాతో సరిచూసి, సంతకానికి బదులు దాని మీద నా పేరు ముద్ర వేయాలి. మా దగ్గర హయసాకా అనే ఇంటిపేరున్న ముసలివాళ్ళు ఇద్దరు. తోమి గారికి రక్తం పలచబరిచే మందు. యోషి గారికి కడుపులో పుండు, ఆ మందు పొరపాటున వేస్తే నెత్తురు కక్కుకుంటారు.

ఇంట్లో అత్తగారి మందులు పదకొండేళ్ళుగా నేనే సర్దుతున్నాను. అదీ ఒక పనేనా అంటారు మా ఆయన. ఒకసారి రాత్రి పొట్లం పొద్దున వేశాను. ఆవిడ చీకటిపడేదాకా లేవలేదు. "ఒక్క పనైనా నీకు వదిలేసి నిశ్చింతగా ఉండగలమా?" అన్నారాయన. పక్కన ఇంకొకరు చూసి ఉంటే అని నేను అనబోతే టీవీ శబ్దం పెంచారు. అప్పటినుంచి బియ్యం కడుగుతున్నా ఆ పొట్లమే కళ్ళముందు.

నగసే గారు అరలన్నీ నింపాక జాబితా తీశాను. ఏడు రోజులకీ నా ఎర్ర ముద్ర అప్పటికే పడి ఉంది.

అందరి ముద్రలూ సొరుగులోనే ఉంటాయి కదా, టీ వేళకి తెమలాలని తనే ముందుగా వేసేశానని నగసే గారు మామూలుగా చెప్పారు. పోయిన వారం నేను అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు కూడా అంతేనట.

ఆ ముద్ర బొటనవేలంత పుల్ల, దాని మీద కజియమా అని మా ఆయన ఇంటిపేరు. పెళ్ళయిన వారానికి అత్తగారు చేతిలో పెట్టి "మా పేరు జాగ్రత్త" అన్నారు. రేపు యోషి గారికి ఏమైనా అయితే, నేను చూశానని ఆ కాగితం చెబుతుంది.

సొరుగులోంచి ముద్ర తీసి, తుడిచి, ఏప్రన్ జేబులో వేసుకున్నాను.

"కొత్త జాబితా తీయండి. అన్నీ మొదటినుంచి చదువుతాను."

ఆవిడ నిండిన అరల వైపే చూస్తూ ఉండిపోయారు. టీ బండి వరండా చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. అప్పుడు సొరుగులోంచి తన ముద్ర కూడా తీసి జేబులో వేసుకుని, కొత్త జాబితా నా ముందు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"చదవండి కజియమా గారూ. వింటాను."