అతిథుల వైపు గోడ

నేను ఒక సీసపు ఇటుకను. నాతో ఇల్లు కట్టుకోరు. నేను వానను, దొంగను ఆపడానికి పుట్టలేదు. కంటికి కనబడని కిరణాలను చాలావరకు ఆపుతాను, అంతే.

ఇటుకను కాకముందు నేను పాత నీటిగొట్టాన్ని. నన్ను ఇటుకగా చేసింది కాత్యాయని. సముద్రం కనబడే ఒక కళాశాలలో ఆమె ఉపన్యాసకురాలు. పరమాణు కేంద్రకం లోపలి సంగతులు కొలవాలని ఆ ప్రాంతంలో మొదట పూనుకున్న మనిషి. సీసం కొనిపెట్టమంటే కళాశాల వారు వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆమె పాతసామాను కొట్ల వెంట తిరిగి గొట్టాలు, పాడైన బ్యాటరీ రేకులు పోగుచేసి, ప్రయోగశాల వెనక కట్టెల పొయ్యి పెట్టి, ఇసుక అచ్చుల్లో మమ్మల్ని పోత పోసింది.

అటెండరు పైడయ్య పొయ్యి ఊదుతూ నవ్వాడు.

"ఇంటికాడ ఎపుడైనా గరిటట్టినారేటి అమ్మగోరూ?"

"పట్టాను పైడయ్యా. అక్కడ మాడితే తిట్లు. ఇక్కడ బుడగ పడితే కిరణం దూరిపోతుంది."

బుడగ పడిన ఇటుకను మళ్ళీ కరిగించేది. నన్ను అలా రెండుసార్లు కరిగించింది.

పెద్దాసుపత్రి నుంచి అరువు తెచ్చిన రేడియం బల్లమీద ఉండేది. ఇవతల ఆమె కుర్చీ. మధ్యలో గోడగా మేము. రేడియం వదిలే కిరణాల శక్తిని ఆమె కొలుస్తోంది. ఆ కొలత పూర్తయితే కేంద్రకం గురించి అంతవరకు ఎవరూ చెప్పని మాట చెప్పవచ్చు. వేసవి చివరికల్లా రేడియం ఆసుపత్రికి తిరిగి ఇచ్చెయ్యాలి.

ఇంతలో ఢిల్లీ నుంచి పెద్దలు చూడవస్తున్నారన్నారు. శాఖాధిపతి సోమయాజులు గారు గది అవతలి చివర సోఫాలు వేయించారు. పెద్దలకు ఏమైనా అయితే మాట వస్తుందని మమ్మల్ని తీయించి సోఫాల ముందు పేర్పించారు. చూపుకు బాగుండాలని వెండిరంగు కూడా పూయించారు.

"గోడ అటు వెళితే నా వైపు ఏముంటుంది సార్?" అని ఆమె అడిగింది.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మీకు అలవాటే కదమ్మా."

పెద్దలు వచ్చారు, టీ తాగారు, గోడను మెచ్చుకుని వెళ్ళారు. గోడ మాత్రం తిరిగి రాలేదు. ఇంకెవరైనా రావచ్చునని సోమయాజులు గారు ఉంచమన్నారు. ఆమె అడిగిన ప్రతిసారీ అదే మాట. పైడయ్య ఉండబట్టలేక, "ఆరికి తెలీకండా నానే ఇటుకలు ఒక్కోటీ అట్టుకొచ్చెత్తాను" అన్నాడు.

"నీ ఉద్యోగం పోతుంది. నాకింకా కొంచెమే పని ఉంది," అంది ఆమె.

పని పూర్తిచేసింది. ఆ కొలత సరైనదని దూరదేశాల వాళ్ళూ ఒప్పుకున్నారు. కొన్నాళ్ళకు ఆమె వేళ్ళ చివర్లు పగిలాయి, మానలేదు. తరవాత రక్తం పాడైంది. రేడియం అరువిచ్చిన ఆసుపత్రిలోనే చనిపోయింది.

సంతాపసభ అదే గదిలో పెట్టారు. ఫొటో నిలబెట్టడానికి ఎత్తు కావలసి వచ్చింది. మెరుస్తూ ఉన్నాం కదా అని మమ్మల్నే పేర్చి, పైన పట్టుగుడ్డ పరిచారు. పైడయ్య దండ పట్టుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు. సోమయాజులు గారు గొంతు సవరించుకుని, "ఆమెకు భయమంటే ఏమిటో తెలియదు" అన్నారు. సభ చప్పట్లు కొట్టబోయి, ఇది సంతాపసభ అని గుర్తొచ్చి ఆగింది.

ఆమెకు భయం తెలుసు. తెలియని మనిషి చెయ్యి ఒక్కటే ముందుకు చాచి, ఒళ్ళంతా వెనక్కి లాక్కుని, ముఖం పక్కకు తిప్పుకుని రేడియం అందుకోదు. ఆ వేసవంతా గది ఈ చివర నుంచి నేను చూస్తూనే ఉన్నాను. మేము కాపలా ఉన్న సోఫాల్లో అప్పుడు ఎవరూ కూర్చుని లేరు.