పక్కన పెట్టిన కాయ

రాములు పెట్టెలో వరిగడ్డి పరిచి, ఒకదానికొకటి ఒరుసుకోకుండా బంగినపల్లి కాయలు పేరుస్తున్నాడు. సన్నటి మనిషి. వంగిన వీపు, మామిడి సొనకు మచ్చలు పడిన ముంజేతులు. ఆగిరిపల్లి షెడ్డులో ఇరవై వేసవులుగా అతని చోటు మేస్త్రీ కొండయ్యకు ఎడమ పక్కనే. కొనడానికి వచ్చినవాళ్లంతా "కొండయ్య కట్టిన పెట్టెలేనా?" అని అడిగేవారు. వాటిలో సగం రాములు కట్టినవే. ఆ మాట విన్న ప్రతిసారీ అతనికి ఒళ్లు మండేది, పైకి మాత్రం నవ్వేవాడు. రాములు సెలవు పెట్టిన రోజులున్నాయి గానీ అతని అసూయ ఒక్కరోజూ సెలవు పెట్టలేదు.

మూడు నెలల క్రితం కొండయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు, మాట సగం సగమే. మళ్లీ మేస్త్రీగా పెట్టుకోవచ్చో లేదో తేల్చమని షెడ్డు యజమాని చలపతిరావు ఇవాళ నూజివీడు నుంచి శిరీషను పిలిపించాడు. జబ్బుపడి లేచినవాళ్లకు తమ పని చేసుకునే తెలివి, జ్ఞాపకం ఎంత మిగిలాయో చూసే థెరపిస్టు ఆమె.

శిరీష మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. ఇవాళ ఏ వారమో అడిగింది. కాసేపటికి మూడు మాటల్లో రెండు కొండయ్యకు తిరిగొచ్చాయి. ఇలాంటి ప్రశ్నలతోనే మనిషి సత్తా తేలదని ఆమె నమ్మకం. అందుకే పెట్టె, గడ్డి, ఇరవై కాయలు ముందుంచి, ఢిల్లీ వెళ్లే సరుకు ఎలా కడతారో అలా కట్టమంది. వరస తప్పుతున్నాడేమో, ఏదైనా మరిచిపోతున్నాడేమో గమనిస్తూ కూర్చుంది.

"మీకు పని తెలుసు కదండీ. తేడా ఉంటే చెప్పండి," అంది రాములుతో.

తేడా రావాలని రాములు మనసులోనే మొక్కుకున్నాడు.

కొండయ్య ఎడమచేత్తో ఒక్కో కాయనూ తడిమి పేర్చాడు. చివర్లో, అన్నిటికంటే నిగనిగలాడే కాయను తీసి పక్కన పెట్టేశాడు. ఎందుకని శిరీష అడిగింది. కొండయ్య పెదవులు కదిలాయి.

"అది... వద్దు."

రాములు ఆ కాయ తీసుకుని బొటనవేలితో నొక్కాడు. ఒక పక్క రవ్వంత మెత్తన. కోసిన కాయ కాదు, చెట్టు నుంచి రాలింది. పైకి ఏమీ తెలియదు, రెండు రోజుల్లో కుళ్లి పెట్టెనంతా పాడుచేస్తుంది. తనైతే చూసుకోకుండా పేర్చేసేవాడే. ఒంటిచేత్తో కూడా ఇతను తనకంటే మెరుగు.

"మంచి కాయేనండీ," అన్నాడు. "ఎందుకు తీసేశాడో మరి."

మాట రాకపోతే చేత్తో చూపించమని శిరీష మళ్లీ అడిగింది. కొండయ్య రాములు వైపే చూస్తూ ఉండిపోయాడు, కాయ ముట్టుకోలేదు. మంచి కాయను కారణం చెప్పలేకుండా తీసేశాడని ఆమె రాసుకుంది. ఇప్పట్లో బాధ్యత అప్పగించవద్దని, చికిత్స చేయించి మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామని చెప్పింది. ఏదైనా ఉంటే ఫోన్ చేయమని రాములు చేతిలో నంబరు పెట్టి వెళ్లిపోయింది. ఆమె బండి గేటు దాటకముందే చలపతిరావు రాములును మేస్త్రీ చేశాడు.

మధ్యాహ్నం కొండయ్య కూతురు ఉమ ఆటో తెచ్చింది, తండ్రిని ఇక చాట్రాయిలో తన దగ్గరే ఉంచుకుంటానంది. రాములు మోచెయ్యి పట్టి కొండయ్యను ఎక్కించాడు. ఆటో కదులుతుండగా మాట ఊడిపడింది.

"రాలింది," అన్నాడు కొండయ్య, స్పష్టంగా.

"నాన్న ఏమంటున్నాడు బాబాయ్?"

"ఏమోనమ్మా," అన్నాడు రాములు.

జేబులో నంబరు కాగితం తగిలింది. బయటికి తీయలేదు. లోపలికి వెళ్లి కొండయ్య చోట నిలబడి ఒక కాయ తీసుకున్నాడు, నొక్కాడు, నమ్మకం కుదరక మళ్లీ నొక్కాడు. అడగడానికి పక్కన ఎవరూ లేరు.

బల్ల చివర ఆ కాయ ఇంకా నిగనిగలాడుతూనే ఉంది, ఒక పక్కన బొటనవేలంత మచ్చతో.