దొరగారి బోను

అక్కతో ఇక వాదన పెట్టుకోకూడదని చెల్లెలు ఆ ఉదయం పళ్ళు తోముకుంటూ ఒట్టు పెట్టుకుంది. నోరు పుక్కిలించేదాకా కూడా ఆ ఒట్టు నిలవలేదు. ముందుగదిలో కుక్క క్రేటు గడియ తీసిన చప్పుడు టక్కున వినబడింది.

"అక్కా! మళ్ళీ తీశావా?"

"నేనా? నేనెందుకు తీస్తానే? అదే ఊడింది."

"దానంతట అదే ఊడి, దానంతట అదే బిస్కట్ కూడా పెట్టిందా? నమిలే చప్పుడు ఇక్కడిదాకా వస్తోంది."

చెల్లెలికి చిన్నప్పుడే చూపు పోయింది. చెవులు పోలేదన్న సంగతి మాత్రం ఇన్నేళ్ళయినా అక్క తలకెక్కలేదు.

దారి చూపే కుక్క ఇంటికొచ్చి వారమైంది. ఎవరినీ లెక్కచెయ్యని దాని ఠీవి చూసి బావ దొరగారని పేరు పెట్టాడు. దొరగారి వెంట ఊచల క్రేటు కూడా వచ్చింది. కొత్త ఇంటికి అలవాటుపడేదాకా రాత్రిళ్ళు అందులో పడుకోబెట్టమని, అది దాని సొంత గది అనుకోమని, కోపం వచ్చినప్పుడు మాత్రం అందులోకి తొయ్యొద్దని ట్రైనర్ విడమరిచి చెప్పి వెళ్ళాడు. చెల్లెలికి అర్థమైంది. దొరగారికి ముందే తెలుసు. ఎటొచ్చీ అక్కకే మింగుడు పడలేదు.

అక్క దృష్టిలో అది బోను. "నోరులేని జీవం. ఏం నేరం చేసిందని జైల్లో పెట్టావే?" అని పొద్దున్నోసారి, సాయంత్రమోసారి కళ్ళొత్తుకునేది. కుక్కని పెంచుకునే కింది వాటా ఆవిడ వచ్చి అగ్గికి ఆజ్యం పోసి వెళ్ళేది. "మా బుజ్జిగాడు మా మంచం మీదే పడుకుంటాడమ్మా. కన్నబిడ్డలా చూసుకుంటాం" అనేది. ఆ కన్నబిడ్డ సోఫాని పీకి పాకం పెట్టిన వైనం మాత్రం ఆవిడ నోటివెంట వచ్చేది కాదు.

"పెంపుడు కుక్కకైనా తన చోటంటూ ఒకటుంటే హాయిగా నిద్రపడుతుందక్కా" అని చెల్లెలు ఎన్నోసార్లు చెప్పింది. "పైగా నా కుక్క నన్ను రోడ్డు దాటించాలి. రాత్రంతా నువ్వు ముద్దుచేసి, పొద్దున అది ఆవలిస్తూ నడిస్తే లారీ కింద పడేది నేను."

"ఛీ, అవేం మాటలే!" అని అక్క భోరుమంది. ఏడుపు అయ్యాక, ఆ రాత్రి మళ్ళీ గడియ తీసింది. దొరగారు తీరిగ్గా బయటికొచ్చి బావ ఎడమకాలి చెప్పు భోంచేశారు.

ఇవాళ మాత్రం గొడవపడే తీరిక లేదు. ఫిజియోథెరపీ క్లినిక్కులో చెల్లెలికి ఉద్యోగంలో మొదటి రోజు. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళాలన్నా బావ స్కూటర్ వెనక మూటలా కూర్చుని వెళ్ళింది. ఇవాళ దొరగారితో, తనంతట తను, వేళకి వస్తానని క్లినిక్కు డాక్టరమ్మకి మాటిచ్చింది. ఆ ఒక్క మాట అనగలగడానికి నెలల తరబడి కుక్కతోపాటు తనూ శిక్షణ తీసుకుంది.

చీర సవరించుకుంది. దొరగారికి పట్టీలు బిగించి, వాటికున్న పిడి చేతబట్టింది. వీధి తలుపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. బయట గొళ్ళెం గలగలమంది.

ఆ గొళ్ళెం కొత్తదేం కాదు. ఆమెని ఒక్కతినే ఇంట్లో వదిలి వెళ్ళాల్సి వస్తే అక్క బయట గొళ్ళెం పెట్టి వెళ్ళేది. మెట్ల మీద పడిపోతుందేమోనన్న భయంతో చిన్నపిల్లప్పుడు మొదలైన జాగ్రత్త, ఆ పిల్లకి ముప్పై దాటినా అలాగే ఉండిపోయింది.

బావ అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అక్కకి ఫోన్ చేస్తే ఆ ఫోన్ వంటింట్లో మోగింది. అరచేతులు మండేదాకా తలుపు బాదింది. కింద నుంచి బుజ్జిగాడు తప్ప ఎవరూ పలకలేదు.

చేసేదిలేక పట్టీలు విప్పేసింది. పనైపోయిందనుకున్న దొరగారు గోళ్ళు టకటకలాడించుకుంటూ వెళ్ళి, తెరిచే ఉన్న క్రేటులో మునగదీసుకుని హాయిగా నిట్టూర్చారు.

అక్క ఆయాసపడుతూ వచ్చేసరికి వేళ మించిపోయింది. ఆమె చేతిలో కవరు గరగరలాడుతోంది.

"ఎంతసేపులే అని వెళ్ళానే. కొట్లో ఒకటే జనం. దొరకి బిస్కట్లు నిండుకున్నాయి కదా! అయ్యయ్యో, బోను తలుపు తీసున్నా లోపలే పడుకున్నాడు, పిచ్చి సన్నాసి! ఎంత బెదిరిపోయాడో!"

"బెదిరి కాదక్కా. ఇష్టమై పడుకున్నాడు. రావాలనుకుంటే వస్తాడు, వాడి తలుపు తీసే ఉంది." చెల్లెలు వీధి తలుపు వైపు చెయ్యి చూపింది. "నాదే తీసిలేదు."

"ఏంటే?"

"నాకు గొళ్ళెం పెట్టి వెళ్ళావు. కుక్కకి బిస్కట్లు కొనడానికి."

కవరు గరగర ఆగిపోయింది. చెల్లెలు దొరగారికి మళ్ళీ పట్టీలు బిగించి మెట్లు దిగింది.

దొరగారు ఎక్కడా తడబడలేదు. డాక్టరమ్మ మాత్రం "మొదటిరోజే ఆలస్యమా?" అంది. చెల్లెలు తల వంచుకుంది. మా అక్క నన్ను ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసింది అని ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది?

అక్కని తిట్టాల్సిన తిట్లన్నీ కూడబెట్టుకుంటూ సాయంత్రం ఇంటికొచ్చింది. తలుపు తడిమితే గొళ్ళెం తగల్లేదు. అది ఉండాల్సిన చోట స్క్రూలు పీకిన బెజ్జాలున్నాయి. వేలికి చెక్కపొడి అంటింది. తిట్లలో ఒక్కటీ గుర్తుకురాలేదు.

"మీ బావని ఆఫీసు నుంచి పిలిపించి పీకించేశానే" అంది అక్క ముక్కు ఎగబీలుస్తూ. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "బుద్ధి తక్కువై ఇన్నేళ్ళూ... ఇక నీ తలుపు నీదే."

చెల్లెలు ఆమెని గట్టిగా వాటేసుకుంది. ఈలోగా దొరగారు క్రేటులోకి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు రోజూ వినబడే కీచు వినబడలేదు. చెల్లెలు వంగి తడిమి చూసింది. క్రేటుకి తలుపు లేదు. ఊడి, గోడకి ఆనించి ఉంది.

"అక్కా, ఇదేంటి?"

"మీ బావ చేతిలో స్క్రూడ్రైవర్ ఎలాగూ ఉంది కదా అని, అదీ ఊడదీయించాను. వాడిదీ ప్రాణమే కదే!"

చెల్లెలు నేలమీద చతికిలబడింది. నెత్తి బాదుకుందామని చెయ్యెత్తింది కానీ, నవ్వే ముందొచ్చింది.

"బావా!" అని కేకేసింది. "దీని తలుపు దీనికి పెట్టెయ్యండి. వీధి తలుపు మాత్రం అలాగే ఉండనివ్వండి."