ఉప్పు ఒక్క రవ్వ తక్కువ

జంషెడ్‌పూర్‌లో బోర్డు లేని హోటళ్ళు ఎన్ని ఉన్నాయో అసిరయ్యకి తెలిసినంతగా, ఆ హోటళ్ళు నడిపేవాళ్ళకి కూడా తెలియదు. బోర్డు చూసి హోటలుకి వెళ్ళడమంటే ఆయన దృష్టిలో ఒఠ్ఠి చేతగానితనం. బోర్డు చదవడం బళ్ళో పిల్లాడికైనా వస్తుంది, అన్నం జాడ ముక్కుతో పట్టాలి అనేవాడు.

అది ఉత్త కోత కాదు. రోలింగ్ మిల్లులో ముప్పై ఆరేళ్ళు క్రేన్ నడిపిన మనిషి. పొద్దుటి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి దిగగానే, గేటు బయట సైకిలు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడి గాలి ఎటు నుంచి వస్తోందో చూసేవాడు. కోక్ ఓవెన్ల ఘాటులో, లారీల పొగలో ఎక్కడో సన్నగా ఒక పోపు వాసన తగిలేది. అంతే, సైకిలు అటు తిరిగేది. వెనక నలుగురైదుగురు తోటివాళ్ళు కిక్కురుమనకుండా వచ్చేవారు. బిష్టుపూర్‌లో బట్టల కొట్ల వెనక సందులో ఇడ్లీలు అలాగే దొరికాయి. మాంగో పేటలో మేడ మెట్ల కింద ఒడియావాళ్ళు పెట్టే చద్దన్నం కూడా అలాగే. ఇంట్లో భార్య సన్యాసమ్మ మాత్రం, "పొరుగింటి పుల్లకూర రుచి" అని మూతి తిప్పి ఊరుకునేది. ఎందుకంటే ఆమె వండిన కూర ఏనాడూ ఆయనకి పూర్తిగా నచ్చింది లేదు. ఒకరోజు కారం ఎక్కువ, ఒకరోజు పులుపు తక్కువ.

అలాంటి అసిరయ్యకి రెండేళ్ళ కిందట జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులుంది. పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది. పదో రోజున సన్యాసమ్మ చారూ అన్నం కలిపి పెడితే నోట్లో వెచ్చగా, మెత్తగా ఏదో ఉందని తప్ప మరేమీ తెలియలేదు. కారం మంటగా తెలుస్తుంది. మిగతాదంతా ఒకటే. ఆయనకి భయం వేసింది. ఆ భయంలో ఏం అనాలో తోచక, "బాగుంది" అన్నాడు.

కొంప మునిగింది అక్కడే. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట మొదటిసారి విన్నది సన్యాసమ్మ. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మర్నాడు పనసపొట్టు ఆవ పెట్టి వండింది. అదీ బాగుందన్నాడు. వారం తిరక్కుండా వీధి వీధంతా చెప్పుకుంది, మా ముసలాయన నోటికి ఇన్నాళ్ళకి నా వంట ఎక్కిందని. డెబ్బై ఏళ్ళ మనిషి ముఖంలో కొత్త పెళ్ళికూతురి వెలుగు చూశాక ఇక నిజం చెప్పడం ఎలా? మింగలేక, కక్కలేక రెండేళ్ళు గడిపాడు అసిరయ్య.

ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. కొందరికి తిరిగి వస్తుంది, బాగా ఎరిగిన వాసనలు రోజూ చూస్తూ ఉండండి అన్నాడాయన. అప్పటినుంచి ఇంట్లో ఎవరూ లేనప్పుడు లవంగాలూ కాఫీపొడీ ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఓసారి ఇంగువ డబ్బాతో సన్యాసమ్మకి దొరికిపోయి, పురుగు పట్టిందేమో చూస్తున్నానని బొంకాడు. ఏదీ రాలేదు.

అందుకే మనవరాలు బిందుప్రియ, ఊళ్ళో ఎవరికీ తెలియని హోటళ్ళు చూపించమని అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. బిందుప్రియ బిష్టుపూర్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. ఆదివారాలు అలాంటి చోట్లకి వెళ్ళి, తిని, వీడియో తీసి ఫోన్లో పెడుతుంది. తాత తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. ఆ పిల్లకి కావలసింది తాత నోటి తీర్పు. తాతకి కావలసింది పోయిన నోరు.

మొదటి మూడు ఆదివారాలూ జ్ఞాపకంతోనే నెట్టుకొచ్చాడు. పాతికేళ్ళ కిందట ఏమన్నాడో అదే మళ్ళీ అన్నాడు. ఇడ్లీల దగ్గర, రోట్లో రుబ్బిన పిండి రుచే వేరని కళ్ళు మూసుకుని చెప్పాడు. గ్రైండరు కొని పన్నెండేళ్ళయిన ఆ ఇడ్లీలాయన తల గోక్కుంటూ పక్కకి తిరిగాడు. మనవరాలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

సీతారాండేరాలో భోజనం పెట్టే సింహాచలమ్మ ఇంటిని కావాలనే ఆఖరికి ఉంచుకున్నాడు అసిరయ్య. అక్కడ తిరిగి రాకపోతే ఇక రుచి ఎక్కడా రాదని ఆయన లెక్క. జ్వరం వచ్చాక అటువైపు వెళ్ళలేదు. ఆ ఆశ ఒక్కటైనా మిగలాలని వెళ్ళలేదు.

నాలుగో ఆదివారం మాంగో వంతెన దాటి స్కూటీ మీద సీతారాండేరా వచ్చారు. ఫిబ్రవరి ఎండ చురుక్కుమంటోంది. అసిరయ్య వెనక కూర్చుని దారి చెబుతున్నాడు. మనవరాలు ఉన్నట్టుండి బండి ఆపింది.

"తాతా, గలీ పీఛే ఛూట్ గయీ క్యా? ఖుష్బూ తో ఉధర్ సే ఆ రహీ హై."

సందు దాటిపోయారు. వాసన వెనకనుంచి వస్తోందని ఆ పిల్లకి తెలిసింది. ఏ వాసన అని అడగబోయి ఆగిపోయాడు అసిరయ్య. ముప్పై ఏడేళ్ళలో ఈ సందు ఆయన దాటిపోవడం ఇదే మొదలు.

ముప్పై ఏడేళ్ళ కిందట ఇలాంటి ఎండలోనే, ఈ సందులోనే ఆయన సైకిలు దానంతటదే ఆగింది. ఆ ఉదయం సన్యాసమ్మతో గొడవపడి కేరేజీ తీసుకోకుండా డ్యూటీకి వచ్చాడు. మధ్యాహ్నానికి పేగులు అరుస్తున్నాయి. ఎవరో పెనం మీద ఎండునెత్తళ్ళు, వేలెడేసి సముద్రపు చేపలు, వేయిస్తున్నారు. అసిరయ్య టెక్కలి దగ్గర పల్లెలో పుట్టినవాడు, పందొమ్మిదేళ్ళకే ఊరు వదిలినవాడు. భావనపాడు సముద్రపు ఒడ్డున ఇసక మీద నెత్తళ్ళు ఆరబోసి, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ కాళ్ళతో తిరగేసే తల్లి ఆ వాసనలో ఆయనకి కళ్ళ ముందు నిలిచింది. తలుపు తీసి ఉంది. వసారాలో బల్ల ఉంది. హోటలే అనుకున్నాడు. కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని బల్ల మీద కూర్చుని, "ఏటుందేటి ఇయ్యాల?" అని లోపలికి కేక వేశాడు.

పాతికేళ్ళ ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి చూసింది. మారు మాట్లాడలేదు. విస్తరి వేసి అన్నమూ, వంకాయ నెత్తళ్ళ పులుసూ వడ్డించింది. మూడుసార్లు అడిగి వేయించుకుని, చెయ్యి నాకి, అప్పుడు అలవాటు కొద్దీ అన్నాడు, ఉప్పు ఒక్క రవ్వ తక్కువైందని. ఎంతివ్వాలని కూడా అడిగాడు. అప్పుడు చెప్పిందామె, ఇది హోటలు కాదన్నా, మా ఇల్లు అని.

భూమి చీలితే బాగుండునని అనిపించింది అసిరయ్యకి. లోపల ఆమె మొగుడు, కాంట్రాక్టరు కింద పనిచేస్తూ పైనుంచి పడి నడుం విరిగినవాడు, మంచం మీద ఉన్నాడు. తాను తిన్నది ఆమె తినవలసిన అన్నం. ఏం చెయ్యాలో తెలియక, రేపు మేం అయిదుగురం వస్తాం, వండి పెడతావా చెల్లీ అన్నాడు. అయిదుగురు పదిమందయ్యారు, పది ఇరవై అయింది. ఊళ్ళో ఉన్న హోటళ్ళు ఎవరైనా కనిపెడతారు, లేని హోటల్ని కనిపెట్టినవాడు అసిరయ్య ఒక్కడేనని మిల్లంతా నవ్వుకునేవారు. ఆ పొయ్యి మీదే ఆమె మొగుణ్ణి పద్దెనిమిదేళ్ళు సాకింది, కూతురికి పెళ్ళి చేసింది.

ఎన్నిసార్లు తిన్నా తిన్న చివర అసిరయ్య మాట ఒకటే, ఉప్పు ఒక్క రవ్వ తక్కువ. సింహాచలమ్మ జవాబూ ఒకటే. ఉప్పు చిప్ప తెచ్చి ఠంగున ఆయన ముందు పడేసేది. ఆయన ఒక్క రవ్వ తీసి నాలిక మీద వేసుకునేవాడు. ఆ తంతు అయితే తప్ప భోజనం అయినట్టు కాదని మిగతావాళ్ళు చేతులు కడగకుండా కూర్చునేవారు. వాళ్ళలో ఇప్పుడు మిగిలినవాడు అసిరయ్య ఒక్కడే.

స్కూటీ వెనక్కి తిప్పి సందులోకి వచ్చేసరికి, బల్ల అదే ఉంది. బోర్డు ఇప్పటికీ లేదు. తిన్నవాళ్ళెవరో లేచి వెళ్తున్నారు. తల పూర్తిగా నెరిసిన సింహాచలమ్మ గుమ్మంలోకి వచ్చి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అసిరన్నా, బతికే ఉన్నావేటి?"

ఉన్నానన్నాడు. మనవరాలిని చూపించాడు. సింహాచలమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని చూసి, మీ తాత నోటికి వంకలు పెట్టడం తప్ప ఏమీ రాదని చెప్పింది. కంచాలు పెట్టింది. అదే పులుసు. బిందుప్రియ ఫోన్ని నీళ్ళ జగ్గుకి ఆనించి నిలబెట్టి, ముందు తాతనే తినమంది.

అసిరయ్య అన్నంలో పులుసు కలిపాడు. ముద్ద ముఖం దగ్గర పెట్టుకుని గట్టిగా గాలి పీల్చాడు. కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. వంకాయ జారింది. నెత్తలి తల పటుక్కుమంది. నాలిక చివర మంట. అంతే. ఇంకాసేపు నమిలాడు, ఎక్కడైనా దాక్కుందేమోనని. తల్లి లేదు, ఇసక లేదు. రెండేళ్ళుగా దాచిపెట్టుకున్న ఆశ ఆ ముద్దతో పాటు గొంతు దిగిపోయింది. అంత దుఃఖం ఆయనకి జ్వరంలోనూ కలగలేదు.

"కైసా హై తాతా?" అంది బిందుప్రియ.

"శానా బాగుంది," అన్నాడు అసిరయ్య. "వంకెట్టడానికి నేదు."

వడ్డిస్తున్న సింహాచలమ్మ చెయ్యి ఆగింది. ఆయన ముఖంలోకి ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది. చిన్న గిన్నెతో వచ్చి, ఇది ఇంకో దాకలోది, ఇది కూడా చూడమని కంచంలో వేసింది. అసిరయ్య తిన్నాడు. ఇది ఇంకా బాగుందన్నాడు.

సింహాచలమ్మ గిన్నె కింద పెట్టింది.

"అసిరన్నా, ఇది పొయ్యి మీద రెండో వాయి. ఇందల ఇంకా ఉప్పెయ్యనేదు. నెత్తళ్ళూ ఎయ్యనేదు."

బిందుప్రియ చెయ్యి చాచి ఫోను బోర్లా పెట్టేసింది. అసిరయ్య ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి తల దించుకున్నాడు.

"జొరం అట్టుకుపోనాది సింహాచలం. వాసన నేదు, రుసి నేదు. రెండేళ్ళయ్యింది, ఎవులికీ సెప్పనేదు. నీ పులుసు తింటే తిరిగొత్తాదనుకున్నాను. రానేదు."

ఒకసారి కట్ట తెగాక ఆగలేదు. లవంగాల సంగతీ, ఇడ్లీల సంగతీ, సన్యాసమ్మకి రోజూ చెబుతున్న అబద్ధం సంగతీ అన్నీ చెప్పేశాడు. బాగుంది అన్న మాట ఉత్తదని తెలిస్తే సన్యాసమ్మ ఏమైపోతుందో అన్నాడు. బిందుప్రియకి అప్పుడు తెలిసింది, మామ్మ రోజూ పాటలు పాడుకుంటూ వండేది దేన్ని నమ్ముకునో. తాత మోకాలి మీద చెయ్యి వేసింది.

"వదినకి సెప్పీ," అంది సింహాచలమ్మ. "రెండ్రోజులు ఏడుత్తాది. ఆ తరవాత పక్కన కూకుంటాది."

ఇన్నేళ్ళలో ఆయన తింటుండగా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు తనకీ ఒక కంచం తెచ్చుకుంది. అదే పులుసు కలుపుకుని, బల్లకి అటువైపు ఎదురుగా కూర్చుంది.

"ఇన్నేళ్ళూ నా కూరకేటి తక్కువో నువ్వు సెప్పినావు. ఇయ్యాల నేను సెప్తాను, నువ్వు తిను."

ఆమె ఒక ముద్ద తింది. ఆయన ఒక ముద్ద తిన్నాడు. ముందు పులుపు తగులుతుంది, పాత చింతపండు, నల్లది, గొంతు పక్కన పట్టి వదులుతుంది అని చెప్పింది. దాని వెనక బెల్లం, ఉందో లేదో అన్నట్టు. మరో ముద్ద. వంకాయ లేతది, తొడిమ దగ్గర కాస్త చేదు. ఇక ఇప్పుడు నెత్తళ్ళు.

"కొంచెం మాడినాయి. మాడిన వాసనెనక ఎండ వాసనుంది. ఇసకల ఆరబోసినప్పుడు కాత్తాది సూడు, ఆ ఎండ."

అసిరయ్య కళ్ళు మూసుకుని నములుతున్నాడు. నాలికకి ఏమీ తెలియడం లేదు, తెలుస్తుందని ఇక ఎదురుచూడడమూ లేదు. ఆమె చెప్పిన చోటికల్లా వెళ్తున్నాడు. భావనపాడు ఒడ్డున ఎండకి కళ్ళు చికిలించుకుని, తల్లి ఇటు తిరిగింది.

"కారం సమంగా ఉంది," అంటోంది సింహాచలమ్మ. "ఉప్పు సరిపోనాది."

"సరిపోనేదు," అన్నాడు అసిరయ్య కళ్ళు తెరవకుండా. "ఒక్క రవ్వ తక్కువ."

"రుసే తెల్దంటున్నావు. నీకెలాగ తెలుసు?"

"నువ్వెప్పుడూ తక్కువే ఏత్తావు."

సింహాచలమ్మ లేచింది. లోపలికి వెళ్ళి ఉప్పు చిప్ప తెచ్చి ఠంగున ఆయన ముందు పడేసింది. అసిరయ్య కళ్ళు తెరిచి, కన్నీళ్ళతోనే నవ్వి, ఒక్క రవ్వ తీసి నాలిక మీద వేసుకున్నాడు. బిందుప్రియ మెల్లగా ఫోను ఎత్తి, ఇంతకీ ఇక్కడి గురించి ఏం రాయమంటావని హిందీలో అడిగింది. ఉప్పు తక్కువని రాయమన్నాడు.

సింహాచలమ్మ మళ్ళీ కూర్చుంది. తాతా మనవరాలూ ఫోనులోకి చూస్తుండగా, చిప్పలోంచి ఒక్క రవ్వ ఉప్పు తీసి తన కంచంలో వేసుకుని కలుపుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. ఇన్నేళ్ళూ అసిరన్న అన్నది నిజమేనని తెలిసి, చిప్పని మెల్లగా తన కంచం పక్కకి జరుపుకుంది.