చెయ్యి వదిలినవాడు

ఇళ్ల సామాన్లు మార్చే పనిలో మనిషిని ఎన్ని తిట్టినా చెల్లుతుంది. బద్ధకస్తుడన్నా, తిండిపోతన్నా సాయంత్రం టీ తాగేసరికి మర్చిపోతాం. ఒక్క మాట మాత్రం అనకూడదు: ‘వీడు చెయ్యి వదిలేశాడు’ అని. బరువుతో మెట్లెక్కేటప్పుడు పైనున్నవాడు వెనక్కి నడుస్తాడు, కిందున్నవాడు మోస్తాడు. ఒకడి ప్రాణం ఇంకొకడి వేళ్లలో ఉంటుంది. ఆ మాట పడ్డవాడితో కలిసి మెట్లెక్కడానికి మళ్లీ ఎవరూ రారు. పదకొండేళ్లుగా నాకు కిందివైపు నిలబడిన మనిషి మీద ఆ మాట వేసింది నేనే.

అతన్ని మేమంతా నిదానం అంటాం. మెట్టుమెట్టుకీ “నిదానం, నిదానం” అంటాడు గనక ఆ పేరు. యాభై నాలుగేళ్లు. నాకు నలభై ఒకటి. నాకు పొట్టా కోపమూ రెండూ కాస్త ముందుకే ఉంటాయి.

ఆ నెల మొదట్లో ఒక యోగా టీచరమ్మ ఇల్లు మార్చాం. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. మూడో అంతస్తు దగ్గర నేను మెట్ల మీద చతికిలబడి ఆయాసపడుతున్నాను. నిదానం పుస్తకాల పెట్టె భుజాన పెట్టుకుని, నోరు మూసుకుని, నా పక్కనుంచే ఎక్కిపోయాడు. టీచరమ్మ అతని వంకే చూస్తూ, “ఆయన్ని చూడండి, ముక్కుతోనే ఊపిరి తీస్తూ ఎక్కుతున్నారు. ఆయనకు నేర్పాల్సిన పనే లేదు. మీరు మాత్రం నేర్చుకోవాలండీ” అంది.

ఆవిడ మంచికే అంది. నాకు ఒళ్లు మండింది. నాకంటే పదమూడేళ్లు పెద్దవాడు, నాకంటే గొప్పవాడా?

వెళ్లేటప్పుడు ఆవిడ ఒక పాత చాప, బొమ్మలున్న అష్టాంగ యోగా పుస్తకం నా చేతిలో పెట్టింది. “మూడు వారాలు సూర్యనమస్కారాలే చెయ్యండి. రోజుకు ఐదు. ఊపిరి తీస్తే ఒక కదలిక, వదిలితే ఒక కదలిక. చివర్లో కాసేపు వెల్లకిలా పడుకోండి. తర్వాతి పేజీలు ఇప్పుడే తిప్పొద్దు” అని మరీ మరీ చెప్పింది.

నా భార్య లాండ్రీలో పనిచేస్తుంది. ఆరింటికల్లా వెళ్లిపోతుంది. ఆమె వెళ్లాక కర్టెన్లు లాగి, తలుపు గడియ పెట్టి మొదలుపెట్టేవాణ్ణి. ఒకటి, చేతులు పైకి. రెండు, కిందికి వంగడం. నా చేతులు మోకాళ్ల దాకా వెళ్లి అక్కడితో ఆగిపోయేవి. మూడు, తల ఎత్తడం. నాలుగు, కాళ్లు వెనక్కి వేసి, మోచేతులు ఒంటికి ఆన్చి, నేలకు జానెడు ఎత్తున ఒంటిని చేతుల మీద ఆపడం. నా ఒళ్లు ఎక్కడ ఆగుతుంది? ముందు పొట్ట, వెనకాలే గడ్డం నేలను తాకేవి. ఊపిరి లెక్క ఎటో, నేను ఎటో. గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గేసేది.

నాలుగో రోజు నా భార్య చాప చూసి నవ్వింది. “కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట. ఎన్నాళ్లుంటుందో చూస్తాగా!”

ఆ మాట కూడా గుచ్చుకుంది. తొమ్మిదో రోజు పేజీలు తిప్పేశాను. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నట్టు, కూర్చుని కాళ్లు చాపి, పాదాలు పట్టుకుని నుదురు మోకాళ్లకు ఆనించే ఆసనం దగ్గర ఆగాను. పాదాలు అందలేదు. మూల చూస్తే సామాన్లు కట్టే పట్టీ కనిపించింది. పాదాలకు తగిలించి, బీరువాలు ఎత్తే బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాను.

నడుములో కటుక్కుమంది. పావుగంట అలాగే పక్కకి ఒరిగి పడుకున్నాను. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. పట్టీ సంచిలో పెట్టుకుని పనికి వెళ్లాను. ఆ రోజు సెలవడిగినా సరిపోయేది. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

ఆ మధ్యాహ్నం అద్దమున్న బీరువా. నేను పైన, నిదానం కింద. రెండో మలుపు దగ్గర నడుము పట్టేసింది. కళ్లు బైర్లు కమ్మాయి. నా చేతులు వదిలేశాయి. బీరువా మూల గోడకు కొట్టుకుని అద్దం పగిలింది. మిగతా బరువంతా నిదానం మీద పడింది. అతను గోడకు వీపు ఆన్చి, పళ్లు బిగించి, దాన్ని గుండెల మీద ఆపాడు. ఆపకపోతే కింద నిలబడ్డ ఇంటామె మీద పడేది.

కింద లారీ దగ్గరున్న మా మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. “ఎవర్రా వదిలింది?”

నేను మెట్ల మీద వంకరగా పడి ఉన్నాను. “కింద నుంచి జారింది సార్. ఆ కుదుపుకి నా నడుం పట్టేసింది” అన్నాను. ఆలోచించి అనలేదు. నోట్లో అబద్ధం ముందే తయారై కూర్చున్నట్టు వచ్చేసింది.

నిదానం నా వంక చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. తన అరచేతులు తిప్పి చూసుకుని, “ఏమో సార్, నాకు తెలీలేదు. అయ్యుండొచ్చు” అన్నాడు.

నాకు సెలవిచ్చారు. అతన్ని మెట్ల మీద నుంచి తీసేసి, కంపెనీ షెడ్డులో గాజుసామానుకు కాగితాలు చుట్టమన్నారు. ఆ కాస్త పనికి ఇంకో మనిషెందుకని, ఒకటో తారీఖు నుంచి వేరే పని చూసుకోమన్నారు. ఈ సంగతి ఫోన్లో ఒకడు చెబితే, “అయ్యో పాపం” అన్నాను. ఆ రెండు మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. నిజం చెప్పేద్దామని రోజూ ఫోను తీసేవాణ్ణి. యోగా చేస్తూ నడుం విరగ్గొట్టుకున్నాడని షెడ్డంతా నవ్వే నవ్వు వినిపించి పక్కన పెట్టేసేవాణ్ణి. నా సిగ్గు కోసం అతని తిండి తీశాను.

బీరువా పడ్డ పన్నెండో రోజు సాయంత్రం నిదానం మా ఇంటికొచ్చాడు. చేతిలో నొప్పుల మందు సీసా. నేను మంచం మీద పడుకుని ఉన్నాను. నా భార్య కుర్చీ వేసింది.

“మనవరాలెలా ఉంది అన్నయ్యా?” అంది. నిదానం కూతురు పురిటికొచ్చి ఇంట్లోనే ఉంది. పాపకు మూడు నెలలు. అంతకుముందు పని మధ్యలో రోజూ ఆ పాప కబుర్లే.

“బాగుందమ్మా. ఎత్తుకోమని ఒకటే గోల.”

“ఎత్తుకోవచ్చుగా?”

అతను నవ్వి, మందు సీసా నా మంచం పక్కన పెట్టాడు. ఆమె టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

అతని చూపు గోడవారన చాప మీద పడింది. “ఇదేంటి తమ్ముడూ, టీచరమ్మ ఇచ్చిందా? నాకూ నేర్పవా? చేతుల్లో పట్టు తగ్గింది కదా. ఇది చేస్తే తిరిగొస్తుందేమో.”

వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. అతను చాప పరిచి, చొక్కా విప్పి నిలబడ్డాడు. ఛాతీ మీద బీరువా అంచు నొక్కిన చోట పసుపుపచ్చగా ఇంకా కమిలి ఉంది. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని చదివాను.

“ఒకటి. ఊపిరి తీస్తూ చేతులు పైకి. రెండు. వదులుతూ వంగు.”

వంగాడు. వేళ్లు నేలను తాకాయి. మూడు అన్నాను, తల ఎత్తాడు. నాలుగు అన్నాను. కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి వేసి, మోచేతులు ఒంటికి ఆన్చి, కిందికి దిగి, నేలకు జానెడు ఎత్తున ఆగాడు.

“ఇక్కడ ఎక్కువసేపు ఉండక్కర్లేదన్నా. ఐదు అంటాను, లే.”

“ఉండు తమ్ముడూ. చూసుకోనీ.”

అలాగే ఉన్నాడు. ముక్కుతో ఊపిరి తీస్తున్నాడు, వదులుతున్నాడు. ఆ చప్పుడొక్కటే గదిలో వినిపిస్తోంది. మెడ మీద నరాలు తేలాయి. చెమట చుక్క చాప మీద పడింది.

“చూసి నిజం చెప్పు. చేతులు వణుకుతున్నాయా?”

వణకడం లేదు. మణికట్టు దగ్గర నుంచి భుజం దాకా ఎక్కడా వణుకు లేదు. పుస్తకం మూసి పక్కన పెట్టాను.

“లేదన్నా” అన్నాను. “ఆ రోజు నీ చెయ్యి జారలేదు. వదిలింది నేను. పొద్దున ఈ చాప మీదే నడుం పాడుచేసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేసి నీ మీదకి తోశాను.”

అతను వెంటనే లేవలేదు. మెల్లగా మోకాళ్లు ఆన్చి, తర్వాత ఛాతీ ఆన్చి, చాప మీద బోర్లా పడుకున్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు. వంటింటి గుమ్మంలో నా భార్య టీ గ్లాసులతో నిలబడిపోయింది.

“పన్నెండు రోజులు” అన్నాడు అటు తిరిగే. “పన్నెండు రోజులుగా దాన్ని ఎత్తుకోలేదు. జారిపోతుందేమోనని. కూతురు చేతికివ్వబోతే వెనక్కి జరిగాను.”

క్షమించమని అడిగే మొహం నాకెక్కడిది? ఫోను తీసి, స్పీకరు పెట్టి, మేనేజరుతో అంతా చెప్పాను. చాపా, పుస్తకమూ, పట్టీ ఏదీ దాచలేదు. పట్టీ దగ్గర ఆయన పకాలున నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. “నిదానాన్ని రేపటినుంచి మెట్ల మీదకి రమ్మను. నువ్వు లేచాక కాగితాలు చుట్టుకో. నీతో జతకి ఇంకెవడూ ఒప్పుకోడు” అని పెట్టేశాడు.

నిదానం లేచి చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకున్నాడు. చాపను అంచులు కలిసేలా చుట్టి, గోడవారన పెట్టాడు. నా భార్య, “టీ అన్నయ్యా” అంది.

“వద్దమ్మా” అన్నాడు చెప్పులు వేసుకుంటూ. నా వైపు చూడలేదు. “పాప నిద్ర లేచే వేళయింది.”

అంతవరకూ అతను పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం మా మెట్లు దడదడలాడించుకుంటూ దిగిపోయాడు.