గుమ్మడికాయ కొట్టాక

నా అంత తెలివితక్కువవాడు ఈ జూబ్లీహిల్స్‌లో ఇంకొకడు ఉండడు. మా ఇంటిని షూటింగులకు ఇవ్వడం నాకు పెద్ద సరదా. ఉగాదికి ముందు ఒక సినిమావాళ్లు పది రోజులు మా హాల్లోనే తీశారు. లైట్లూ సామానూ ఇక్కడే వదిలి వెళ్తాం సార్, మీ హాల్లో సీసీ కెమెరా మా ఫోన్లలో కూడా కనిపించేలా చేయండి అని మేనేజర్ అడిగాడు. అడగడమే ఆలస్యం, దాని పాస్‌వర్డ్ తీసుకెళ్లి అరవైమంది ఉన్న యూనిట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. చివరి రోజు గుమ్మడికాయ కొట్టారు, స్వీట్లు పంచారు. గుమ్మడికాయ కొట్టారంటే ఫిల్మ్‌నగర్‌లో ఎవరికైనా పని ముగిసినట్టే. పాస్‌వర్డ్ మార్చాలని నా బుర్రకు తట్టలేదు.

నా భార్య లీలాకుమారి ఇరవై ఏళ్లు తెరమీద అమ్మ వేషాలు వేసింది. గేటు దగ్గరికి కూరగాయల బండి వచ్చినా బొట్టు దిద్దుకోకుండా వెళ్లేది కాదు. వానాకాలంలో ఆమెకు క్యాన్సర్ అన్నారు. కీమోతో జుట్టంతా ఊడిపోయింది. "నన్నిలా ఎవరికీ చూపించకండి." అదొక్కటే కోరింది. సొంత చెల్లెలు వస్తానన్నా వద్దంది. వంటచేసే నీలమ్మ వచ్చేసరికి తలకు స్కార్ఫ్ కట్టుకునేది. ఆమె వెళ్లాక తీసేసి, సోఫాలో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది. ఆ బోడితల నిమురుతుంటే నాకు ఏడుపొచ్చేది, ఆమెకు నవ్వొచ్చేది.

పోయిన వారం షేక్‌పేట నుంచి వస్తూనే నీలమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"సార్, అమ్మ వీడియో ఫోన్ల వచ్చింది. మా గల్లీల అందరు చూస్తుండ్రు. తలకు ఏం లేదు... మీరు గూడ ఉన్నరు."

మా హాలే. మా సోఫాయే. మా కెమెరా ఉన్న మూల నుంచే తీసింది. 'ఈ అమ్మను గుర్తుపట్టారా?' అని పైన రాసి ఉంది. కింద వేలమంది అయ్యో పాపం అంటున్నారు. ఆ జాలి చూసి ఒళ్లు మండిపోయింది. అరవైమందిలో ఎవడని పట్టుకోను? పిలిచి చేతికిచ్చింది నేనే.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. కెమెరా పీకి పారేశాను. బయటివాళ్లు చెప్పేలోపే లీలకు వీడియో సంగతీ, పాస్‌వర్డ్ సంగతీ నేనే చెప్పాను. పక్కనున్న స్కార్ఫ్ తీసుకుని తలకు కట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి స్కార్ఫ్ తీయడం మానేసింది. నిన్న మధ్యాహ్నం ఉక్కకు మెడంతా చెమటతో తడిసిపోతుంటే చూడలేకపోయాను.

"తీసెయ్ లీలా. ఇంట్లో ఎవరూ లేరు," అన్నాను.

ముడి ఇంకాస్త బిగించుకుంది.

"మీరున్నారు కదండీ," అంది.