కొడుకు నవ్విన చోటు

పోయిన కొడుకు ఫొటోల్లో అత్తగారు పదేపదే చూసుకునేది ఒక్కటే. నలుపలకలుగా కత్తిరించిన పొదల మధ్య, ఫౌంటెన్ పక్కన, పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసి నవ్వుతుంటాడు. జ్వరమని ఆస్పత్రికి వెళ్ళినవాడు మళ్ళీ గడప తొక్కలేదు. ఏడాది తిరిగాక ఆవిడ కోడల్ని అడిగింది.

"ఆ తోట ఒక్కసారి చూపించమ్మాయ్. ఇంకేం అడగను."

కోడలు కాదనలేకపోయింది.

ఆ తోట ఒక పాతకాలపు బంగళాది; పెళ్ళైన కొత్తలో కొడుకూ కోడలూ దిగింది అక్కడే. పైగదులు అతిథులకిచ్చి, పొద్దున్నే ఫలహారం పెడతారు. తోటలో ఏ ఆకూ గీత దాటదు.

"స్కేలు పెట్టి పెంచారా ఏంటి? మా వాడి తల కూడా ఇంత తీరుగా దువ్వలేకపోయాను," అని అత్తగారు నవ్వింది.

"ఎక్కడ కూర్చునేవాళ్ళు?"

"ఈ బెంచీ మీదే అత్తయ్యా."

"ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఏవో... మనింటి వెనకా ఇలాంటి పూలు వేద్దామనేవారు."

నిజానికి ఆ బెంచీ మీదే ఆమె మొగుడితో, "ఇష్టం లేని పెళ్ళి చేశారు నాకు. నీ మొహం చూస్తూ బతకలేను," అంది. ఫొటో ఆ తర్వాత తీసిందే. తీస్తూ తోటమాలి నవ్వమంటే ఇద్దరూ నవ్వారు.

ఒక అబద్ధానికి ఇంకోటి తోడయింది. అత్తగారు అన్నీ కొంగున ముడేసుకున్నట్టు వింది. సాయంత్రానికి ఆవిడ మొహం తేటపడింది.

"పోన్లే, నాలుగు రోజులైనా వాడు సుఖపడ్డాడు."

మర్నాడు పొద్దున ఫలహారానికి రొట్టెలు తెచ్చిన బంగళా ఇంటావిడ కోడల్ని గుర్తుపట్టింది.

"మీరు ముందోసారి వచ్చారు కదూ? మీ ఆయన కులాసానా? పాపం, మంచం పడదని హాల్లో కుర్చీలోనే ఒరిగేవారు. దుప్పటిస్తే వద్దనేవారు. పొద్దున చూస్తే కళ్ళు ఎర్రగా ఉండేవి. ఇప్పుడైనా సరిగా నిద్రపోతున్నారా?"

అత్తగారే జవాబిచ్చింది. "పోయాడమ్మా."

ఇంటావిడ కంగారుగా ఏదో గొణిగి లోపలికెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది.

"అత్తయ్యా, నన్ను నాలుగు తిట్టండి."

ఆవిడ తిట్టలేదు. కిటికీలోంచి తోట వైపు చూస్తూ అంది. "చిన్నప్పుడు వాళ్ళ నాన్న బెల్టు దెబ్బలు. తర్వాత నచ్చని ఉద్యోగం. పెళ్ళయ్యాకైనా తేరుకున్నాడనుకున్నాను. అయితే ఇక్కడా లేదన్నమాట."

"ఏంటత్తయ్యా?"

"వాడి సుఖం."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

మధ్యాహ్నం బస్సెక్కారు. చాలా దూరం వెళ్ళాక అత్తగారు ఒక్కటే మాట అడిగింది.

"పోనీ, నీకైనా ఉందా అమ్మాయ్, ఆ సుఖం ఎక్కడైనా?"

కోడలు తన రోజులన్నీ వెనక్కి తిరగేసి వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.